ముప్పై ప్రశ్నల కాగితం

పెగడపల్లి కనకయ్యకు ఐదు భాషలు వచ్చు. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆ మండలంలో ఎవరైనా మిగిలి ఉంటే అది వాళ్ళ తప్పే తప్ప కనకయ్య తప్పు కాదు. టీ కొట్టు దగ్గరా, మంగలి షాపులోనూ, చివరికి చావు ఇంటి ముందు వేసిన కుర్చీల్లో కూడా ఆయన ఈ ముక్క చెప్పకుండా లేవడు. అరబ్బీ, హిందీ, మలయాళం, బంగ్లా, పఠాన్ల భాష. పంతొమ్మిదేళ్ళు మస్కట్‌లో గోతులు తవ్వి, పైపులు మోసి, చివరి తొమ్మిదేళ్ళు నీళ్ళ పంపుల దగ్గర హెల్పరుగా చేసి సంపాదించిన చదువు అది.

కాస్త దగ్గరగా కూర్చుని వింటే తెలిసేదేమిటంటే, ఆ ఐదు భాషల్లోనూ ఆయనకు వచ్చినవి నాలుగే మాటలు. తే, పో, లేదు, అయిపోయింది. అరబ్బీలో చెప్పాలంటే జీబ్, రోహ్, మాఫీ, ఖలాస్. తొందరపెట్టడానికి పైన ఒక యల్లా. పనిలో పెట్టుకున్నవాడికి అంతకు మించి మాటలు అక్కరలేదు, పనిలో చేరినవాడికీ అక్కరపడలేదు. చెప్పింది చేయడానికి సరిపోయేంత భాషనే కనకయ్య భాష అనుకున్నాడు. ఇంటికి వచ్చినా ఆ నాలుగు మాటలతోనే సంసారం నడిపాడు. నీళ్ళు తే, బట్టలు తే, యల్లా, బస్సు పోతది.

సంసారం అని పెద్ద మాట అన్నాను గానీ, అందులో కలిసి ఉన్నది ఎంతని? వసంతతో పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. మూడేళ్ళకు ఆయన విమానం ఎక్కాడు. అక్కణ్ణుంచి రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ఆ రెండు నెలల్లో కూడా పగలంతా చుట్టాలు, దావతులు, ఐదు భాషలు. కూతురు సంగీత పుట్టింది, పెరిగింది, కరీంనగర్‌లో నర్సింగులో చేరింది. వసంత బీడీలు చేసింది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, చుడుతూ పంతొమ్మిదేళ్ళు ఒక గోడకు ఆనుకుని కూర్చుంది. గోడ మీద ఆమె వీపు ఆనినచోట సున్నం నల్లబడింది.

నాలుగు నెలల కిందట కంపెనీవాళ్ళు నలభై ఐదు దాటినవాళ్ళను ఇంటికి పంపేస్తూ కనకయ్యనూ పంపారు. వచ్చాక పదిహేను రోజులకు మించి ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. పదహారో రోజున కోరుట్లలో కరుణాకర్ దగ్గర తేలాడు.

ఈ కరుణాకర్ గురించి ఒక ముక్క చెప్పాలి. మొబైల్ షాపు పైన ఆయన ఆఫీసు. బోర్డు మీద 'కరుణాకర్ ఫారిన్ లాంగ్వేజ్ అండ్ ఓవర్సీస్' అన్నది పెయింటుతో రాసినది, కింద దేశం పేరు మాత్రం స్టిక్కరు. మొన్నటిదాకా పోలెండు, అంతకు ముందు క్రొయేషియా, ఇప్పుడు స్పెయిన్. స్టిక్కరు మార్చిన రోజే ఆయన ఆ దేశం నిపుణుడైపోతాడు. ఈసారి అదనంగా మాస్టారు కూడా అయ్యాడు. ఫోన్లో ఒక ఆప్ పెట్టుకుని నాలుగు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాడు. క్లాసు కంటే సరిగ్గా ఒక పాఠం ముందు ఉంటాడు. ఎవరైనా రెండు పాఠాల అవతలి ప్రశ్న అడిగితే, "అది అడ్వాన్స్ గ్రామర్ అన్నా, వచ్చే వారం" అంటాడు.

ఉద్యోగం మాత్రం నిజమైనదే. స్పెయిన్‌లో ఏదో పల్లెటూరి దగ్గర పిలార్ అనే పెద్దావిడ. పెద్ద ఇల్లు, చుట్టూ ఆలివ్ చెట్లు. ఇంట్లోనే ఉండి పనిచేసే భార్యాభర్తలు కావాలి. ఆయన చెట్ల పని చూడాలి, ఆమె వంట చూడాలి. ఉండటానికి గది ఇస్తారు. కాస్త స్పానిష్ రావాలి, ఆవిడే వీడియోలో మాట్లాడి చూసుకుంటుంది. ఉన్నది ఒక్క జంటకు పని. కరుణాకర్ ఐదు జంటలను చేర్చుకున్నాడు, ఐదు జంటలకూ విడివిడిగా "మీదే ఫైనల్" అని చెవిలో చెప్పాడు.

ఇది దొరికితే మొగుడూ పెళ్ళాం ఒక్క కప్పు కింద ఉంటారు. దొరకకపోతే మస్కట్‌లో పాత సూపర్‌వైజరు ఇంకో చిన్న కంపెనీలో కనకయ్యకు చోటు చూసి పెట్టాడు, స్పెయిన్ సంగతి తేలగానే ఒంటరిగా పోవాలి. ఇంట్లో ఈ రెండు దారులే ఉన్నాయి. కనకయ్యకు రెండూ ఒకటే. వసంతకు ఒకటి కాదు. అందుకే చాట పక్కన పెట్టి, సంగీత పాత నోటుబుక్కు ఒకటి సంచిలో వేసుకుని ఆయన వెంట బయలుదేరింది. పెగడపల్లి నుంచి జగిత్యాల ఒక బస్సు, జగిత్యాల నుంచి కోరుట్ల ఇంకో బస్సు. ఏ బస్సు ఎక్కినా ఆమె ఆయనకు కుడి పక్కనే కూర్చునేది. కిటికీ పక్క సీటు మీద మోజు కాబోలు అనుకున్నాడు కనకయ్య.

మొదటి క్లాసులోనే కనకయ్య మాస్టారును పట్టుకున్నాడు. కరుణాకర్ బోర్డు మీద 'యో సోయ్ కనకయ్య' అని రాశాడు. యో అంటే నేను, సోయ్ అంటే 'అయి ఉన్నాను' అన్నాడు.

"నేను కనకయ్య అంటె సాలదా? నడుమల గీ సోయ్ ఏంది? ఇంట్ల పిలువని సుట్టం లెక్క," అన్నాడు కనకయ్య.

"అన్నా, గ్రామర్ అట్లనే ఉంటది."

"గ్రామర్ లేకుంటనె పంతొమ్మిదేండ్లు బతికిన తమ్మీ. ఐదు భాషలొస్తయ్ నాకు."

అక్కడున్న తక్కిన ఎనిమిదిమందీ భయభక్తులతో ఆయన వైపు చూశారు. ఆ చూపు కోసమే ఆయన కోరుట్ల దాకా వచ్చాడేమో అనిపించేటంత తృప్తి ఆయన మొహంలో.

తరువాతి వారం అంతకంటే పెద్ద గొడవ. స్పానిష్‌లో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలట. పుస్తకం మగది, బల్ల ఆడది. కనకయ్య బల్ల కిందికి వంగి చూసి అందరినీ నవ్వించాడు. ఆ జోకు ఆయన ఆ నెలలో ఏడుసార్లు వేశాడు. మధు అనే కుర్రవాడొక్కడే ఏడుసార్లూ నవ్వాడు.

ఈ మధుది సిరిసిల్ల. మొన్నటిదాకా మరమగ్గాల మీద పనిచేశాడు. అతని భార్య రచనది కోరుట్ల, బ్లౌజులు కుడుతుంది. భార్య అన్నది కరుణాకర్ మాట. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకున్నది ఆ మొబైల్ షాపు మెట్ల మీద. భార్యాభర్తలు కావాలన్నారు కాబట్టి కరుణాకర్ ఇద్దరు ఒంటరివాళ్ళను తెచ్చి జత కలిపాడు. ఫోటో స్టూడియోకు తీసుకుపోయి, దండలు వేయించి, వెనక పూల తెర కట్టించి పెళ్ళి ఫోటో కూడా తీయించాడు. గల్ఫుకు మనుషులను పంపిన చేయి కదా, ఏ దేశం ఏ కాగితం అడిగితే ఆ కాగితం పుట్టించడం దానికి అలవాటే. క్లాసులో అందరికీ తెలుసు, ఎవరూ తప్పు అనుకోలేదు. కనకయ్య మాత్రం బస్సులో కూర్చుని తెగ ఎగతాళి చేశాడు.

"సూడు వసంతా, దొంగ పెండ్లి. గా ముసలామె ముందట రెండు నిమిషాలల్ల దొరుకుతరు. మనది అసలు సరుకు."

వసంత నోటుబుక్కు చూసుకుంటూ, "ముందుగాల నువ్వు ఆబ్లో, ఆబ్లాస్ చదువు," అంది. మాట్లాడతాను, మాట్లాడతావు అన్న పాఠం అది.

ఆమె ఏడో తరగతి చదివింది. ఐదు భాషల గొప్పవాడికి ఎక్కనిది ఆమెకు రెండు వారాల్లో ఎక్కింది. ఎందుకంటే ఆమె విన్నది. స్పానిష్‌లో మాట చివర మారితే చాలు, ఎవరు చేశారో తెలిసిపోతుంది, నేను నువ్వు అని ముందు తగిలించనక్కరలేదు. కరుణాకర్ ఈ సంగతి చెప్పలేక గంటసేపు చెమటలు కక్కుతుంటే ఆమె వెనక బెంచీ నుంచి అంది: "గిది మన తీరే గదా తమ్మీ. చేస్త అంటె నేను, చేస్తవ్ అంటె నువ్వు, చేస్తడు అంటె ఆయన. పేరు జెప్పుడెందుకు?"

కరుణాకర్ కాసేపు ఆమె వైపు చూసి, అది తనే చెప్పినట్టు బోర్డు మీద రాసేశాడు. ఇష్టం సంగతి వచ్చినప్పుడూ అంతే. నేను ఫలానాదాన్ని ఇష్టపడతాను అని తిప్పి తిప్పి చెప్పే పనిలేదు, నాకు రొట్టె ఇష్టం అని మనం అన్నట్టే వాళ్ళూ అంటారు. 'మె గుస్తా', నాకు ఇష్టం. 'లె గుస్తా', ఆమెకు ఇష్టం. వసంతకు ఈ పాఠం ఎంత నచ్చిందంటే తిరుగు ప్రయాణమంతా లోలోపల అనుకుంటూనే ఉంది. ఏది ఇష్టమో మాత్రం అనలేదు, కనకయ్య అడగనూ లేదు.

ఇంట్లో ఆమె బీడీలు చేస్తూ వల్లె వేసేది. ఆకు కత్తిరిస్తూ ఆబ్లో, తంబాకు పోస్తూ ఆబ్లాస్, చుడుతూ ఆబ్లా, మూతి మడుస్తూ ఆబ్లామోస్, దారం చుడుతూ ఆబ్లాయిస్, చాటలో పడేస్తూ ఆబ్లాన్. ఒక బీడీకి ఒక క్రియ అయిపోయేది. కనకయ్య మంచం మీద పడుకుని ఫోన్ చూస్తూ ఆ లయ వింటూ, తనకు తెలియకుండానే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక దాన్ని ఆరో భాష కింద జమ చేసుకున్నాడు.

ఒక్కసారి మాత్రం ఆమె మాస్టారును ఇబ్బంది పెట్టింది. స్పానిష్‌లో 'ఉండటం' రెండు రకాలు. మనిషి ఫలానా అని చెప్పడానికి ఒకటి, మనిషి ఎక్కడున్నాడో ఎట్లున్నాడో చెప్పడానికి ఒకటి. కరుణాకర్ దీన్ని తన పద్ధతిలో తేల్చేశాడు. "ఎప్పటికి ఉండేదానికి సోయ్. ఇయ్యాల ఉండి రేపు పోయేదానికి ఎస్తోయ్."

"మరి మా ఆయన ఇంట్ల ఉన్నడు అంటె?" అడిగింది వసంత.

"ఎస్తా ఎన్ కాసా. రెండోది వదినా."

"ఇయ్యాల ఉండి రేపు పోయేదేనా," అని ఆమె రాసుకుంది. కనకయ్య అప్పుడు మధుతో మస్కట్ ఎండల గురించి చెబుతున్నాడు.

ఇంటర్వ్యూకు రెండు వారాల ముందు కరుణాకర్ అందరికీ ఒక్కో కాగితం పంచాడు. ముప్పై ప్రశ్నలు. మీ భార్య ఎన్ని గంటలకు లేస్తుంది, ఏం తింటుంది, ఏది ఇష్టం, ఒంట్లో ఏ నొప్పి ఉంది, దేనికి భయం. ఆడవాళ్ళకిచ్చిన దానిలో భర్త గురించి అవే ప్రశ్నలు. పిలార్‌కు ఇంతకు ముందు ఎక్కడివాళ్ళో దొంగ జంట దొరికారట, పదిహేను రోజుల్లో కొట్టుకుని చెరో దారి పట్టారట. అందుకని ఆవిడ మొగుణ్ణి ఒకసారి, పెళ్ళాన్ని ఒకసారి విడివిడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతుందని కరుణాకర్ కనుక్కున్నాడు.

కనకయ్యకు ఒళ్ళు మండిపోయింది. "ఏంది తమ్మీ, మమ్ముల గూడ దొంగల లెక్కల కడుతున్నవా? ఇరువై రెండేండ్లాయె పెండ్లయి. నా పెండ్లాం సంగతి నేను కాయిదం సూసి నేర్సుకోవాల్నా? గీళ్ళకియ్యి," అని మధు, రచనలను చూపించాడు. ఆ ఇద్దరూ తలవంచుకుని కాగితాలు తీసుకున్నారు. మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు అడిగి రాసుకోవడం మొదలుపెట్టారు. నీకు చీకటంటే భయమా? చిన్నప్పుడు ఎక్కడ పడ్డావు? కనకయ్య వాళ్ళను దాటుకుంటూ దిగి, జగిత్యాల బస్టాండులో తన కాగితం మీద మిర్చి బజ్జీలు పెట్టించుకు తిన్నాడు. నూనె చేతులు కూడా దానికే తుడిచాడు. వసంత తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నోటుబుక్కులో పెట్టుకుంది.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం మూడింటికి కనకయ్యను లోపలికి పిలిచారు. వసంత బయట బెంచీ మీద కూర్చుంది. తెర మీద తెల్లజుట్టు ముసలావిడ, ముక్కు మీద కళ్ళద్దాలు, ముందు ఒక నోటుబుక్కు. అచ్చంగా వసంత నోటుబుక్కులాగే గీతలది.

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. కనకయ్య స్పానిష్ ఆ రోజు నిజంగానే బాగుంది. మూడు నెలలు విన్న బీడీల లయ ఊరికే పోలేదు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, చెట్ల పని వచ్చునన్నాడు, ఒక్క క్రియా తప్పలేదు. పిలార్ 'ముయ్ బియెన్' అంది, చాలా బాగుంది అని. కనకయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడావిడ, మీ భార్య ఎన్నింటికి లేస్తుంది అని అడిగింది.

కనకయ్య నోరు తెరిచాడు. వాక్యం సిద్ధంగా ఉంది, ఒక అంకె మాత్రం కావాలి. ఆయన లేచేసరికి ఎనిమిది. అప్పటికి ఆమె లేచే ఉంటుంది. "మి ముహేర్ సె లెవాంతా ఆ లాస్ సేయిస్," అన్నాడు, నా భార్య ఆరింటికి లేస్తుంది అని. ఆవిడ రాసుకుంది.

ఆమె ఒంట్లో ఎలా ఉంటుంది, ఏమైనా నొప్పులా?

"ఏమీ లేవు, గట్టి మనిషి," అన్నాడు స్పానిష్‌లో, నవ్వుతూ. ఆవిడ రాసుకుంది.

ఆమెకు తినడానికి ఏది ఇష్టం?

ఇది మటుకు ఆయనకు తెలుసు. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో మటన్ ఉడికేది. విమానం దిగిన రోజు, వెళ్ళే రోజు, మధ్యలో ప్రతి ఆదివారం. ఇప్పుడు ఈ నాలుగు నెలలూ కూడా. అంత బాగా వండే మనిషికి ఇష్టం కాకుండా ఎలా ఉంటుంది? "ఆ మి ముహేర్ లె గుస్తా ముచో లా కార్నె," అన్నాడు గట్టిగా. నా భార్యకు మాంసం అంటే చాలా ఇష్టం. వాక్యం నున్నగా వచ్చింది. కరుణాకర్ తెర వెనక నుంచి బొటనవేలు చూపించాడు. కనకయ్య గెలిచినవాడిలా బయటికి వచ్చి, "యల్లా, పో లోపటికి," అన్నాడు పెళ్ళాంతో.

వసంత ఇరవై నిమిషాలు లోపల ఉంది. బయటికి వచ్చినప్పుడు మొహంలో కొంచెం వెలుగు. ఆవిడ తనతో బాగా మాట్లాడిందని, నవ్విందని చెప్పింది. ఆ తర్వాత మధు, రచన వెళ్ళారు. తక్కిన జంటలూ వెళ్ళారు. ఐదున్నరకు కరుణాకర్ వచ్చి మధు చేయి పట్టుకుని ఊపాడు. ముప్పైకి ముప్పై సరిపోయాయట. రచన ఏడ్చేసింది. మధు జేబులోంచి దస్తీ తీసి ఆమెకు ఇచ్చాడు.

కనకయ్య లేచి నిలబడ్డాడు. "మరి మేము?"

కరుణాకర్ ఆయన కళ్ళలోకి చూడకుండా అన్నాడు. "అన్నా, నీ స్పానిష్ మస్తు ఉన్నదన్నదామె. వదినది ఇంక మంచిగున్నదన్నది. కని…"

"కని ఏంది?"

"మీరు అసలు మొగడు పెండ్లాలు కాదంటున్నది."

ఇరవై రెండేళ్ళ పెళ్ళి ఫోటో ఫోన్లో చూపిస్తానన్నాడు కనకయ్య. కూతురికి ఫోన్ కలుపుతానన్నాడు. ఆధార్ కార్డు బల్ల మీద కొట్టాడు. కరుణాకర్ ఓపికగా విన్నాడు. పెళ్ళి ఫోటో మధు దగ్గరా ఉంది కదా మరి. "నువ్వు ఆరింటికి లేస్తదన్నవ్, వదిన నాలుగింటికన్నది. నువ్వు నొప్పుల్లేవన్నవ్, ఆమె పదేండ్ల సంది మెడ నొస్తదన్నది, తంబాకు దగ్గన్నది. నువ్వు మాంసం మస్తు ఇష్టమన్నవ్. వదిన వండుత గని తిన అన్నది. నో కోమో కార్నె అని రెండుసార్లు చెప్పింది. దొంగ జంటలు గిట్లనే దొరుకుతరట అన్నా."

గల్ఫులో ఎవడు తిట్టినా మాఫీ ముష్కిల్, పర్వాలేదు, అని నవ్వేసి వచ్చిన కనకయ్య ఆ మెట్లు మాత్రం నవ్వకుండా దిగాడు. నవ్వకూడదు కూడా. దండలు అద్దెకు తెచ్చుకుని ఫోటో తీయించుకున్నవాళ్ళు పదిహేను రోజులు మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. ఈ మహానుభావుడు ఆ కాగితంలో బజ్జీలు తిన్నాడు.

జగిత్యాల బస్సులో కనకయ్య మొదట కోపం తెచ్చుకున్నాడు. చేతగానివాడికి ముందు వచ్చేది అదే.

"తిన అని ఎందుకన్నవే? తింట అంటె నోరు పోతుండెనా?"

"తినను గాబట్టి తిన అన్న," అంది వసంత.

"ఎప్పటిసందో?"

"పద్నాలుగేండ్లాయె."

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. ఎల్లంతకుంట రాజలింగం, కనకయ్య గదిలో పక్క మంచం మీద పడుకునే మనిషి, మస్కట్ నుంచి శవమై పెట్టెలో వచ్చాడు చూడు, ఆ ఏడు. పెట్టె చూసి వచ్చిన రోజే వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. మొగుడు ప్రాణాలతో తిరిగొచ్చి ఇంట్లో ఉంటే, ఇద్దరూ కలిసి పోయి గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకుంటామని, అప్పటిదాకా మాంసం ముట్టనని.

"మరి నాకు చెప్పలేదేంది?"

"మొక్కును ఊరంత చెప్పుకుంట తిరుగుతరా? అందరు తిన్నంక నేను ఎల్లిపాయకారం ఏసుకొని తిన్న. ఒక్కనాడన్న ఇటు మల్లి సూసినవా?"

"వచ్చిన గదా మరి. నాలుగు నెలలాయె."

"అచ్చినవా?" అంది వసంత, మొదటిసారి ఆయన వైపు తిరిగి. "పదిహేను రోజులకె స్పెయిన్ అంటివి. గది గాకపోతె మస్కట్ అంటివి. ఇద్దరం గల్సి పోతె, దేశం ఏదైతేంది, ఒక్క ఇల్లే గదా, రాజన్న లెక్కకు పట్టుకుంటడు అనుకున్న. గందుకే గింత చదివిన."

నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దానిలోంచి నాలుగు మడతల కాగితం కొంచెం బయటికి కనబడుతోంది. కనకయ్య దాన్ని మెల్లగా లాగి విప్పాడు. భర్త గురించి ముప్పై ప్రశ్నలు. ముప్పైకీ తెలుగులో జవాబులు, కింద స్పానిష్ తెలుగు అక్షరాల్లో. తుమ్మితే మూడుసార్లు తుమ్ముతడు. పాముకు భయం లేదు, లిఫ్టుకు భయం. చింతపులుసు ఇష్టం, తింటె కడుపు మండుతది. పంతొమ్మిదో దాని దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. ఎడమ చెవి సక్కగ వినపడది, పంపు మోతకు. ఎవ్వరికి చెప్పడు.

ఆ సంగతి ఆయన నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని కంపెనీకి చెప్పలేదు, పరువు పోతుందని ఇంట్లో చెప్పలేదు. మూడు నెలలుగా ఆమె కుడి పక్కన ఎందుకు కూర్చుంటోందో ఆ బస్సులో అప్పుడు తెలిసింది. ఐదు భాషలవాడు తలొంచుకుని ముప్పయ్యో జవాబు దాకా చదివాడు. సిగ్గుపడ్డాడు. ఆలస్యంగానైనా పడ్డాడు.

జగిత్యాల బస్టాండులో దిగేసరికి ఆరున్నర. పెగడపల్లి బస్సుకు ఇంకా టైముంది. కనకయ్య అలవాటు కొద్దీ బజ్జీల బండి దగ్గరికి పోయాడు. "ఎన్ని కాకా?" అన్నాడు బండివాడు. రెండు ప్లేట్లు అనబోయి ఆగిపోయాడు. ఆమెకు బజ్జీ ఇష్టమో కాదో తెలియదు. పక్కన మక్క కంకులు కాలుస్తున్నారు, అదీ తెలియదు. సోడా తెలియదు. జామకాయ తెలియదు. బండివాడు మళ్ళీ అడిగాడు. కనకయ్య ఉత్త చేతులతో వెనక్కి వచ్చి బెంచీ ముందు నిలబడ్డాడు.

"మస్కట్ ఎన్నడు పోవాలె?" అడిగింది వసంత.

"నీకేం దేవాలె?" అన్నాడు.

"నువ్వేది దెస్తె గది."

"అట్ల గాదు. నీకేది ఇష్టం?"

ఆమె తలెత్తి చూసింది. వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నట్టుంది. కాదని తెలిశాక తల దించుకుంది. బస్సులు వచ్చాయి, పోయాయి. చేతిలో నోటుబుక్కు అంచును బొటనవేలితో రుద్దుతూ, బీడీలు చేసి చేసి పసుపెక్కిన ఆ వేలినే చూసుకుంటూ, చివరికి చెప్పింది.

"మటన్."

కనకయ్యకు అర్థం కాలేదు.

"నువ్వు ఆమెకు చెప్పింది అబద్ధమేం గాదు. మస్తు ఇష్టం. మా అవ్వగారింట్ల బొక్క మూలుగ నాకే ఇస్తుండ్రి. ఇష్టం లేనిదాన్ని ఇడిసిపెడితె అది మొక్కెట్లయితది?"

ఆయన బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఎడమ చెవి ఆమె వైపు పడింది. లేచి ఇటు పక్కకు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"వేములవాడకు బస్సెన్నింటికున్నదో అడిగొస్త," అన్నాడు.

"ఉత్తగ పోయి కోడెను కడితె ఏమున్నది," అంది వసంత. "ముందుగాల గా మస్కటాయనకు ఫోన్ జెయ్యి."

కనకయ్య ఫోన్ తీశాడు. నంబరు కలిపి కుడి చెవికి పెట్టుకున్నాడు. అవతల సూపర్‌వైజరు గొంతు పెద్దగా, ఎప్పుడొస్తున్నావు, టికెట్ తీయమంటావా అని అడుగుతోంది. కనకయ్యకు స్పానిష్ అక్కరపడలేదు, ఐదు భాషలూ అక్కరపడలేదు, పాత నాలుగు మాటల్లో చివరి రెండే చాలాయి.

"మాఫీ," అన్నాడు, రావడం లేదు అని.

అవతలివాడు నమ్మలేదు. మళ్ళీ అడిగాడు. పెగడపల్లి బస్సు వచ్చి ముందు ఆగింది, జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. వసంత కదలకుండా ఆయన మొహంలోకి చూస్తోంది.

"ఖలాస్," అన్నాడు కనకయ్య.